కుంకుడు రసం కథ

షాంపూ దొరల సరుకని చాలామంది నమ్మకం గానీ, ఆ మాట మన హిందీ ‘చాంపో’లోంచి వెళ్ళిందే. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ ఇంగ్లండులో స్నానశాల నడుపుతూ 1822లో ‘షాంపూయింగ్’ అని పుస్తకమే అచ్చువేశాడు.

ఆయన లెక్కలో షాంపూ అంటే ఒళ్ళు పట్టడం. తల రుద్దుకోడానికి మనకు కుంకుడుకాయ ఉండనే ఉంది. 1753 నాటి లిన్నేయస్ గ్రంథంలో దాని జాతి పేరు సపిండస్. అంటే ‘భారతదేశపు సబ్బు’!

మరి మనమో? వారం వారం ప్యాకెట్టు చించి పారేస్తాం. అది మట్టిలో కలవదు. నేనైతే రాత్రి పది కాయలు కొట్టి, గింజలు తీసి నానేస్తాను. పొద్దున్నే పిసికి వడకడితే చాలు. కళ్ళు మండుతాయంటారా? మండుతాయి మరి! తల వెనక్కి వంచి పోసుకోండి. పిప్పి మొక్క మొదట్లో వేస్తే చెత్తంటూ మిగలదు.

పరాయివాళ్ళు మన దేశం పేరు పెట్టిన కాయను మనమే మర్చిపోతే ఎలా చెప్పండి?