పాస్‌వర్డ్ రీసెట్ లోపాలు

పాస్‌వర్డ్ మరచిపోయినవారు ఖాతాను తిరిగి పొందేందుకు వెబ్ అప్లికేషన్లు కల్పించే మార్గంలోని భద్రతా లోపాలను పాస్‌వర్డ్ రీసెట్ లోపాలు అంటారు. సంస్థలు సొంత సర్వర్లలో నడుపుకునే అప్లికేషన్లలో వీటి ముప్పు ఎక్కువ కాలం నిలుస్తుంది. తయారీదారు సవరణ విడుదల చేసినా, ఎవరి సర్వర్‌లో వారు దాన్ని ఇన్‌స్టాల్ చేసుకోవలసిందే.

పనితీరు

వాడుకరి ఈమెయిల్ చిరునామా ఇవ్వగానే అప్లికేషన్ ఒక రహస్య టోకెన్ తయారుచేసి, దాన్ని లింకులో పెట్టి మెయిల్ పంపుతుంది. ఆ లింకు ఎవరికి చిక్కితే వారు పాస్‌వర్డ్ మార్చేయగలరు. కాబట్టి టోకెన్ ఊహకు అందకుండా ఉంటే చాలదు, అది సరైన చిరునామాకే చేరాలి.

ప్రధాన ఉదంతాలు

మాంటిస్‌బీటీ (2017): ఈ బగ్ ట్రాకర్ 2.3.0 వెర్షన్ వరకు ధ్రువీకరణ టోకెన్ స్థానాన్ని ఖాళీగా వదిలినా ఆమోదించేది. దాంతో లాగిన్ కాకుండానే అడ్మిన్ పాస్‌వర్డ్ సైతం మార్చే వీలుండేది.

జాంగో (2019): ఈ వెబ్ ఫ్రేమ్‌వర్క్ చిరునామాలను పెద్ద, చిన్న అక్షరాల తేడా లేకుండా పోల్చేటప్పుడు తుర్కిష్ లిపిలోని చుక్కలేని ‘ఐ’ వంటి అక్షరాలు మామూలు అక్షరాలతో సరిపోయేవి. లింకు మాత్రం డేటాబేస్‌లో ఉన్న చిరునామాకు కాక, ఫారంలో టైప్ చేసిన చిరునామాకు వెళ్లేది. డిసెంబరులో దీన్ని సరిదిద్దారు.

గిట్‌ల్యాబ్ (2024): ఈ కోడ్ నిర్వహణ అప్లికేషన్‌లో రెండో ఈమెయిల్ ద్వారా కూడా రీసెట్ చేసుకునే సౌకర్యాన్ని 2023లో 16.1 వెర్షన్‌తో తెచ్చారు. ఒకే అభ్యర్థనలో బాధితుడి చిరునామాతోపాటు తమ చిరునామానూ పంపితే, దాడి చేసేవారికి కూడా లింకు అందేది. బాధితుడు ఏమీ క్లిక్ చేయనక్కర్లేదు. సీవీఈ-2023-7028గా నమోదైన ఈ లోపం తీవ్రతను 10కి 10గా లెక్కించారు. 2024 జనవరి 11న సవరణలు వెలువడ్డాయి. దాదాపు రెండు వారాల తర్వాత కూడా 5,300కు పైగా సర్వర్లు సవరణ లేకుండా ఇంటర్నెట్‌లో కనిపించాయని షాడోసర్వర్ సంస్థ గుర్తించింది. దాడులు జరుగుతున్న లోపాల జాబితాలో అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా దీన్ని అదే ఏడాది మే 1న చేర్చింది. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకున్న ఖాతాల పాస్‌వర్డ్ మారినా, రెండో అంచె దాటలేక దుండగులు లోపలికి వెళ్లలేరు.

నివారణ

అభ్యర్థనలో వచ్చిన ఏ వివరాన్నీ అప్లికేషన్ యథాతథంగా నమ్మకూడదు. డేటాబేస్‌లో నమోదై, ధ్రువీకరించిన చిరునామాకే మెయిల్ పంపాలి. లింకులో ఉండే డొమైన్ పేరును అభ్యర్థనతో వచ్చే హోస్ట్ హెడర్ నుంచి కాకుండా అప్లికేషన్ సెట్టింగ్స్ నుంచి తీసుకోవాలి. టోకెన్ ఒక్కసారికే, కొద్దిసేపే చెల్లాలి. పాస్‌వర్డ్ మారగానే పాత సెషన్లన్నీ రద్దు కావాలి. ఖాతా ఉన్నా లేకున్నా తెరపై ఒకే సమాధానం రావాలి.

నిర్వాహకులు సవరణలను ఆలస్యం లేకుండా ఇన్‌స్టాల్ చేయాలి, అడ్మిన్ ఖాతాలన్నిటికీ రెండంచెల ధ్రువీకరణను తప్పనిసరి చేయాలి. సవరణకు ముందే చొరబాటు జరిగి ఉండవచ్చు కనుక లాగ్‌లనూ పరిశీలించాలి. గిట్‌ల్యాబ్ విషయంలో, ఒకే రీసెట్ అభ్యర్థనలో పలు చిరునామాలు కనిపించడం దాడి ప్రయత్నానికి గుర్తు.