తొలి ధర నిర్ణయమైన తీరు

కొత్తగా నమోదైన షేరుకు ముందురోజు ముగింపు ధర ఉండదు కనుక, ఇష్యూ ధరకూ తొలి లావాదేవీ ధరకూ మధ్య ఏర్పడే అంతరం, అంటే గ్యాప్, చాలా పెద్దదిగా ఉండవచ్చు. 2008 జనవరి మధ్యలో దరఖాస్తులు ముగిసిన రిలయన్స్ పవర్ ఇష్యూ ఇందుకు పెద్ద నిదర్శనం. అదే నెల 21న సెన్సెక్స్ 1,408 పాయింట్లు కూలినా, డెబ్బై రెట్లకు పైగా దరఖాస్తులు వచ్చిన ఈ ఇష్యూలో 450 రూపాయలకు కేటాయించిన షేరు (చిన్న మదుపరులకు 430) ఫిబ్రవరి 11న బొంబాయి ఎక్స్చేంజిలో సుమారు 548 వద్ద మొదలైంది, కానీ 372.50 వద్ద ముగిసింది. ధర పరిమితి చెప్పకుండా, దొరికిన ధరకే కొనమనే మార్కెట్ ఆర్డరు పెట్టినవారి నష్టం మరీ బాధాకరం. కేటాయింపు పొందినవారికి కొంత తక్కువ నష్టమే కలిగింది గాని, ఉదయం ఎగబడి కొన్నవారిలో కొందరు సాయంత్రానికి మూడోవంతు దాకా పోగొట్టుకున్నారు.

తొలిరోజు ధర కదలికకు అప్పట్లో సర్క్యూట్ పరిమితి, అంటే హెచ్చుతగ్గులకు హద్దు, ఉండేది కాదు. 2012 జనవరిలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కొత్త షేర్లకు గంటసేపు ముందస్తు వేలాన్ని, అంటే కొనుగోలు, అమ్మకం ఆర్డర్లన్నిటినీ కలిపి ఒకే ప్రారంభ ధర తేల్చే పద్ధతిని, ప్రవేశపెట్టి, ఆ ధర చుట్టూ హద్దులు కూడా విధించింది. నాలుగేళ్లు ఆలస్యమైనా, ఇది నిజంగా అవసరమైన సంస్కరణ.