గుల్లబారిన ఇటుక, పొంగిన కాంక్రీటు

పొంగించిన కాంక్రీటు ఈ కాలపు సరుకే గానీ, పైకి పోయేకొద్దీ కట్టడం బరువు తగ్గించాలన్న ఆలోచన పాతది. రోములో దాదాపు క్రీ.శ. 126 నాటికి పూర్తయిన పాంథియన్ గుమ్మటం వ్యాసం 43 మీటర్లు. దాని కాంక్రీటులో అడుగున బరువైన రాతిముక్కలు, పైభాగంలో అగ్నిపర్వతాల నురుగురాయి కలిపారు.

తెలుగునేలపై ఈ ఉపాయం ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడిలో కనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. పునాది గోతిలో ఇసుక నింపారు. గోడలు, స్తంభాలు రాతివి. విమానం మాత్రం నీళ్లలో వేస్తే తేలే ఇటుకలతో లేచింది. మట్టిలో ఊక, చెక్కపొట్టు లాంటివి కలిపి కాలిస్తే అవి మాడిపోయి, వాటి చోట గుల్లలు మిగులుతాయి. 2021లో ప్రపంచ వారసత్వ హోదా ఇచ్చిన యునెస్కో ఈ ఇటుకలను ప్రత్యేకంగా పేర్కొంది.

ఇప్పటి ఏఏసీ బ్లాకు, అంటే ఆవిరిలో ఉడికించిన గుల్ల కాంక్రీటు దిమ్మ, 1920లలో స్వీడన్‌లో యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ చేతిలో రూపుదిద్దుకుంది. ఇందులో గుల్లలు చేసేది నిప్పు కాదు, అల్యూమినియం పొడి. ఇసుక, సున్నం, సిమెంటు కలిసిన తడిముద్దలో అది పడితే హైడ్రోజన్ పుట్టి, ముద్ద ఇడ్లీపిండిలా పొంగుతుంది. కాస్త గట్టిపడ్డాక తీగలతో కోసి, దాదాపు 180 డిగ్రీల ఆవిరిలో ఒత్తిడి మీద ఉడికిస్తారు. ఘనమీటరు మామూలు కాంక్రీటు 2400 కిలోలు తూగితే, ఇది 600 దగ్గర ఆగుతుంది. ఇసుక బదులు థర్మల్ కేంద్రాల బూడిద వాడడం మన దేశంలో మామూలే. విశాఖ పరిసరాల్లో ఆ బూడిదకు కొదవ లేదు. పరవాడలో బొగ్గుతో నడిచే సింహాద్రి కేంద్రం ఒక్కటే 2000 మెగావాట్లది.

ఈ బ్లాకు ఆనాటి స్థపతులకు దొరికి ఉంటే? రామప్ప విమానానికి చక్కగా కుదిరేది, తేలే ఇటుక కన్నా కూడా తేలిక కనుక. కాకపోతే నీరు పీలుస్తుంది, పైన గట్టి గచ్చు తప్పదు. స్తంభాలకు మాత్రం పనికిరాదు. చదరపు మిల్లీమీటరుకు మూడు నాలుగు న్యూటన్ల బలంతో రాతిదూలాలను ఏం మోస్తుంది? ఆ గుడి మదనిక శిల్పాల నల్లరాతి నునుపు దానికి ఎలాగూ రాదు.

విశాఖ తీరాన తొట్లకొండ, బావికొండల బౌద్ధ స్తూపాల సంగతి వేరు. వాటిలో నిలబెట్టాల్సిన కప్పు లేదు, బరువు తగ్గిస్తే ఒరిగేదీ లేదు. స్తూపానికి కావలసిన పొదుపు ఇటుకలో. ఆంధ్రదేశంలో కొన్ని చోట్ల స్తూపం లోపల చక్రాకారంలో గోడలు కట్టి, మధ్య ఖాళీలను మట్టితో నింపి ఆ పొదుపు సాధించారు.