వంటింటి పెరట్లో తులిప్పులు

వసంతంలో పిల్లాపాపలతో హాలండు వెళ్ళినవారు లిస్సె ఊళ్ళోని క్యూకెన్‌హాఫ్ ఉద్యానాన్ని చూడకుండా తిరిగిరారు. మేమూ అంతే. 32 హెక్టార్లు, ఏటా నాటే 70 లక్షల దుంపలు, ఎనిమిది వారాల వైభవం. ఆ పేరుకు అర్థం మాత్రం వంటింటి పెరడు! పదిహేనవ శతాబ్దంలో జాకోబా దొరసాని కోటకు కాయగూరలు, మూలికలు ఈ నేలనుండే వెళ్ళేవట.

తులిప్పు అక్కడి పువ్వు కాదు. తురుష్కుల తోటలనుండి ఐరోపా చేరిన ఈ దుంపలను 1593లో క్లూసియస్ లైడెన్ విశ్వవిద్యాలయపు తోటలో నాటాడు. 1637లో ధరలు కుప్పకూలిన వైనం అందరూ చెప్పేదే. దేశమంతా దివాలా తీసిందనడం అతిశయోక్తి అని నేటి చరిత్రకారుల మాట. నన్ను కదిలించినది మరొక కథ.

1944 సెప్టెంబరులో డచ్చి రైల్వే కార్మికులు సమ్మె కట్టారు. ప్రతీకారంగా జర్మన్లు పడమటి జిల్లాలకు తిండి రవాణాను ఆపివేశారు. ఆ ఆంక్ష సడలేసరికి కాలువలు గడ్డకట్టాయి, పడవలు కదలలేదు. ఆ శీతకాలపు ఆకలికి దాదాపు 20,000 మంది బలయ్యారు. యుద్ధంవల్ల అమ్ముడుపోక మిగిలిన తులిప్ దుంపలే కూడయ్యాయి. లోపలి పసుప్పచ్చ మొలక విషం. దానిని గిల్లివేసి, ఉడికించి, పిల్లలకు పెట్టారు. ఆ దుంపలకు నోరుండి చెబితే ఏ వర్తకుని కథా దీనిముందు నిలవదు.

1949లో లిస్సె నగరాధ్యక్షుడూ, దుంపల వర్తకులూ కలిసి ఈ ఉద్యానాన్ని తలపెట్టారు. 1950 వసంతంలో తలుపులు తెరిచారు. ఆకలి తీరి అయిదేళ్ళే! తొలి ఏడే రెండు లక్షలకు పైగా జనం వచ్చారు. వారిలో ఎందరు ఆ పూలను చూశారో, ఎందరు ఆ దుంపల రుచిని తలచుకున్నారో!