అతిథి వ్యాసం: పండితాభిప్రాయం నుంచి బ్యాక్‌లింకు దాకా

1. పరిచయం

వెబ్‌సైటు నడిపేవారు ఇతరుల బ్లాగుకు వ్యాసం రాసి పంపుతారు. ఆ వ్యాసంలో తమ సైటుకు దారి చూపే లింకు ఒకటి ఉంటుంది. ఆ వ్యాసాన్ని గెస్ట్ పోస్ట్ అని, ఆ లింకును బ్యాక్‌లింకు అని అంటారు. మీలో కొందరు డిగ్రీ చదువుతూనే ఇంటి నుంచి ఈ పని చేస్తూ ఉండవచ్చు. ఇది కంప్యూటర్ కాలంలో పుట్టిన కొత్త విద్య అనిపిస్తుంది. కాని ఇతరుల పత్రికలో రాసి పేరు తెచ్చుకోవడానికి మన దగ్గర నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఈ పనిలో ఏది న్యాయమో, ఏది మోసమో మీరే తేల్చుకోగలుగుతారు.

2. మునగాల పరగణా, ఒక అక్క, ఒక తమ్ముడు

కోదాడ నుంచి సూర్యాపేటకు వెళ్లే జాతీయ రహదారి మీద మునగాల ఉంది. ఆ చేరువలోని నడిగూడెంలో మునగాల రాజాగారి కోట ఉంది. చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా మునగాల పరగణా మాత్రం బ్రిటిష్ పాలనలోని కృష్ణా జిల్లాకు చెందేది. ఆ సంస్థానానికి దివానుగా పనిచేసినవారు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు (1877–1923). రాజా నాయని వెంకటరంగారావు, రావిచెట్టు రంగారావులతో కలిసి ఆయన 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పడంలో ముఖ్యపాత్ర వహించారు. అంతకుముందు నాగపూరులో చదువుకునే రోజుల్లోనే ఆయన మరాఠీ పత్రికలకు వ్యాసాలు రాశారు. తనది కాని భాషలో, తనవి కాని పత్రికల్లో చోటు సంపాదించారు.

ఆయన అక్క భండారు అచ్చమాంబ (1874–1905) కథ ఇంకా గమనించదగినది. అక్కాతమ్ముళ్ల పుట్టినూరు కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలు. అచ్చమాంబ బడికి వెళ్లలేదు. పెళ్లయ్యాక తెలుగుదేశానికి దూరంగా మధ్యపరగణాల్లో కాపురం. అక్కడ తెలుగు సాహిత్య సభలు లేవు, తెలుగు అచ్చుకూటాలు లేవు. ఆమెకు ఉన్న దారి తపాలా ఒక్కటే. అప్పటికి స్త్రీల కోసమే ప్రత్యేకంగా పత్రికలు వచ్చాయి. 1893లో తెలుగు జనానా, 1902లో హిందూసుందరి మొదలయ్యాయి. పాఠకులు కొద్దిమందే అయినా ఆ విషయం మీద శ్రద్ధ ఉన్నవారు. ఆమె ‘ధనత్రయోదశి’ కథ 1902లో హిందూసుందరిలో అచ్చయింది. ఆమె రచన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ 1901లో కందుకూరి వీరేశలింగం గారి చింతామణి ద్వారా వెలువడింది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, ఆమె తన విషయానికి తగిన పత్రికను ఎంచుకున్నారు. రెండవది, ఆ పత్రికకు అవసరమైన సరుకు ఇచ్చారు. పేరు ఆ తరువాత వచ్చింది.

3. ప్రస్తావన లేకపోతే ఏమవుతుంది?

నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాట 1930ల్లో వినవచ్చింది. గోలకొండ పత్రిక సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి దానికి జవాబుగా 354 మంది కవుల రచనలు సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రచురించారు. కవులు అంతకుముందూ ఉన్నారు. వారి పేరు ఎత్తేవారు, వారి వైపు దారి చూపేవారు లేరు. ప్రస్తావనకు నోచుకోనివాడు లోకం లెక్కలో లేనట్టే. బ్యాక్‌లింకు కోసం ఇంత తాపత్రయం ఎందుకో దీనివల్ల అర్థమవుతుంది.

4. ప్రస్తావనను లెక్కించడం

శాస్త్రవేత్తల వ్యాసాలను ఎవరెవరు ఉదహరించారో జాబితా కట్టాలని యూజీన్ గార్ఫీల్డ్ 1955లో ప్రతిపాదించారు. 1964లో అది సైన్స్ సైటేషన్ ఇండెక్స్ రూపం దాల్చింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు ఇదే ఆలోచనను వెబ్‌కు అన్వయించి పేజ్‌ర్యాంక్ పద్ధతిని రూపొందించారు. 1998లో గూగుల్ సంస్థ ఏర్పడింది. ఒక పేజీకి లింకు ఇవ్వడమంటే దాని తరఫున సాక్ష్యం చెప్పడం. సాక్షి ఎంత పెద్దమనిషైతే సాక్ష్యానికి అంత బరువు. ఈ సూత్రం మన పల్లె పంచాయతీకి కొత్త కాదు.

5. సాక్ష్యం సరుకైనప్పుడు

మన పాత పుస్తకాలు తెరిస్తే మొదటి పుటల్లో పండితాభిప్రాయాలు కనిపిస్తాయి. నిజంగా చదివి రాసిన అభిప్రాయం పాఠకుడికి దారి చూపింది. మొహమాటానికి రాసినవి పెరిగేకొద్దీ పాఠకుడు ఆ పుటలు తిప్పేసి ముందుకు వెళ్లడం నేర్చుకున్నాడు.

వెబ్‌లోనూ ఇదే జరిగింది. లింకుకు విలువ ఉందని తెలియగానే దాన్ని కొనేవారు, అమ్మేవారు బయలుదేరారు. ఒకే వ్యాసాన్ని మాటలు మార్చి పది చోట్లకు పంపారు. బ్లాగు వ్యాఖ్యల్లో లింకులు గుమ్మరించేవారిని అడ్డుకోవడానికి 2005లో నోఫాలో గుర్తు వచ్చింది. 2019 దాకా ఆ గుర్తు ఉన్న లింకును గూగుల్ సాక్ష్యంగా లెక్కపెట్టేది కాదు. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి కృత్రిమ లింకులతో పైకి వచ్చిన సైట్లను కిందికి దించింది. లింకుల కోసమే రాసే అతిథి వ్యాసాల కాలం చెల్లిందని ఆ సంస్థ ఉద్యోగి మాట్ కట్స్ 2014 జనవరిలో హెచ్చరించారు. డబ్బు తీసుకుని ఇచ్చే లింకులకు వేసేందుకు 2019లో స్పాన్సర్డ్ అనే ప్రత్యేక గుర్తు ఏర్పడింది.

అయితే నష్టం మోసగాళ్లతో ఆగలేదు. వరి సాగు మీదో, చేనేత మీదో శ్రద్ధగా చిన్న బ్లాగు నడిపే వ్యక్తికి రోజూ పనికిరాని వ్యాసాలు వచ్చి పడితే, చివరికి వచ్చిన ఉత్తరం తెరవడమే మానేస్తాడు. అప్పుడు ఆ తలుపు మూసుకునేది నిజంగా చెప్పవలసింది ఉన్న కొత్త రచయితకు. ఈనాడు ఒక అచ్చమాంబ వ్యాసం పంపినా అది ఆ కుప్పలోనే కలిసిపోయే ప్రమాదం ఉంది.

6. మీరు పాటించవలసినవి

పంపే ముందు ఆ బ్లాగులోని పాత వ్యాసాలు చదవండి. అక్కడ ఇంకా ఎవరూ రాయని అంశం, మీకు స్వయంగా తెలిసినది, ఒకటి ఎంచుకోండి. ఉత్తరంలో మీరెవరో, ఏం రాయదలచారో, అది ఆ పాఠకులకు ఎందుకు పనికివస్తుందో నాలుగు వాక్యాల్లో చెప్పండి. పాఠకుడికి అవసరమైన చోటనే లింకు పెట్టండి. సొమ్ము చేతులు మారితే ఆ సంగతి దాచవద్దు. చివరగా ఒక పరీక్ష పెట్టుకోండి: లింకు తీసేసినా ఆ వ్యాసం అచ్చుకు నిలుస్తుందా? నిలుస్తుందంటే పంపండి.

7. మీ ప్రగతిని సమీక్షించుకోండి

అ. భండారు అచ్చమాంబ రచనలకు స్త్రీల పత్రికలు ఎలా తోడ్పడ్డాయి?
ఆ. గోలకొండ కవుల సంచిక వెలువడిన సందర్భాన్ని వివరించండి.
ఇ. పండితాభిప్రాయానికి, బ్యాక్‌లింకుకు గల పోలికలు, తేడాలు రాయండి.
ఈ. మీ ఊరి గ్రంథాలయంలో పాత తెలుగు పుస్తకం ఒకటి తీసి, అందులోని అభిప్రాయాలలో ఏది చదివి రాసినదో, ఏది మొహమాటానికి రాసినదో గుర్తించి, కారణాలు ఒక పుటలో రాయండి.