ఉర్దూలో ఇంజనీరింగ్

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. బోధన ఉర్దూలో. అందుకోసం అంతకు ముందు ఏడాదే అనువాద శాఖ పెట్టి, ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. సాంకేతిక పదాలు కొత్తగా కల్పించారు. వైద్యం, 1929లో కాలేజీ పెట్టాక ఇంజనీరింగ్ కూడా ఆ భాషలోనే. ఇంగ్లీషు మాత్రం అందరికీ తప్పనిసరి సబ్జెక్టు. (పల్లె నుంచి వచ్చిన తెలుగు పిల్లవాడికి రెండూ పరాయివే!) 1948 తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది.

మన బడిలో తెలుగు మీడియం చదివి ఇంజనీరింగ్‌కు వెళ్లినవాళ్లం లెక్కల్లో ఎవరికీ తీసిపోలేదు. వైవాలో మాత్రం నోరు పెగిలేది కాదు. పట్టుదల లేక కాదు. ఇంగ్లీషు నేర్చుకోవడానికీ, ఇంజనీరింగ్ నేర్చుకోవడానికీ మాకున్నవి అవే నాలుగేళ్లు, అవే పీరియడ్లు. ఉర్దూ రోజుల్లో ఇంగ్లీషుకు దాని పీరియడ్ దానికి ఉండేది.