క్రియోల్ బసల్లో పాతదెంత?

అమెరికాలోని లూసియానాలో ఫ్రెంచి, స్పానిష్ పాలన నాటి కుటుంబాల సంతతిని, తెల్లవారైనా నల్లవారైనా, సాధారణంగా క్రియోల్‌లు అంటారు. న్యూ ఆర్లీన్స్‌లో వారి పాత ఇళ్లు కొన్ని బాగుపడి, రాత్రి బస, పొద్దున ఫలహారం ఇచ్చే చిన్న సత్రాలయ్యాయి. అక్కడ దిగే అతిథికి నిజంగా దొరికే చరిత్ర ఎంత?

ముందు వయసు సంగతి. ఆ నగరంలో 1788 అగ్నిప్రమాదంలో 850కి పైగా, 1794లో మరో 200కి పైగా కట్టడాలు కాలిపోయాయి. కాబట్టి ఫ్రెంచి పాలన నాటి ఇల్లంటే సందేహించడమే మంచిది. రూపాన్ని చూసి వయసు కట్టలేం కూడా: అచ్చం ఫ్రెంచి పద్ధతిలో ఉండే ‘మేడమ్ జాన్స్ లెగసీ’ అనే ఇంటిని 1788 మంటల తర్వాత, స్పానిష్ ఏలుబడిలో కట్టారు.

గోడలు కొంత నమ్మదగిన సాక్ష్యం. సైప్రస్ కలప నిలువుల మధ్య ఇటుక పేర్చి, పైన గారతోనో పలకలతోనో కప్పేవారు. స్థానిక ఇటుక మెత్తన. గట్టి సిమెంటుతో అతుకు వేస్తే పెచ్చులూడుతుంది; సున్నమే సరైనది. గానుగ సున్నం తెలిసిన మన మేస్త్రీలకు ఇది కొత్త కాదు. గదుల విషయం వేరు. చిన్న క్రియోల్ ఇంట్లో నడవా ఉండదు, నాలుగు గదులు ఒకదానిలోంచి ఒకదానిలోకి తెరుచుకుంటాయి. గదికో స్నానాలగది అంటే ఆ అమరిక మారినట్టే. నగరపు పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్ కట్టడాలను కాపాడే వ్యూ కారే కమిషన్ చూసేది వెలుపలి రూపాన్నే. ఆదాయమిచ్చే చారిత్రక కట్టడాన్ని నిబంధనల ప్రకారం బాగుచేస్తే, ఖర్చులో 20 శాతం మేరకు ఫెడరల్ పన్ను రాయితీ ఉంది. సొంతంగా కాపురముండే ఇంటికి లేదు. ఇళ్లు సత్రాలవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

అసలు చిక్కు పెరటి కట్టడంలో ఉంది. అమెరికా అంతర్యుద్ధానికి ముందు కట్టిన ఇళ్లలో వంటగది, బానిసల గదులు తరచు అక్కడే ఉండేవి. నేడు వాటిలో కొన్ని అతిథి గదులు. అలాగని ప్రతి వెనుక గదికీ ఆ చరిత్ర అంటగట్టలేం. కొన్ని బానిసత్వం అంతమైన 1865 తర్వాతివి, కొన్నిట్లో ఇంటి కుర్రాళ్లు పడుకునేవారు. పాత విక్రయ పత్రాలు, పటాలు చూస్తేగాని తేలదు. బానిసలు నివసించిన గదుల ప్రకటనలను తొలగిస్తామని 2022లో బసలు అద్దెకు కుదిర్చే ఎయిర్‌బీఎన్‌బీ ప్రకటించింది. గదులను దాచడంకన్నా వాటి చరిత్ర గోడమీద రాసిపెట్టడమే మేలని నా అభిప్రాయం.

అక్కడికి వెళ్లేవారు గది తీసుకునే ముందు ఒక్క మాట అడగండి: ఈ గదిలో ఒకప్పుడు ఎవరుండేవారు, దానికి ఏ పత్రం ఆధారం?